కబురు మోసిన అల్లుడి వెంట: వేగాస్ నుంచి వెస్ట్‌వుడ్ దాకా

శుక్రవారం, లాస్ వేగాస్

ఇప్పుడు వెనీషియన్ హోటల్ ఉన్నచోటే ఒకప్పుడు శాండ్స్ అనే క్యాసినో హోటల్ ఉండేది. 1952 డిసెంబర్‌లో తెరిచారు, 1996 నవంబర్ 26న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. ఇప్పుడు భవనం లోపల కాలువ కట్టి పడవలు తిప్పుతున్నారు. తెడ్డు వేసేవాడు ఇటాలియన్ పాట ఎత్తుకుంటే మా బావమరిది ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. నేను మాత్రం శాండ్స్‌లో షోలు జరిగిన కోపా రూమ్ ఏ మూలకు వచ్చేదో ఊహించుకుంటూ నిలబడ్డాను. ఆనవాలు ఏమీ లేదు. శాండ్స్ అవెన్యూ అని పక్క రోడ్డుకు పేరొకటి మిగిలింది. ఆ రోడ్డు పక్కనే రాత్రంతా రంగులు మార్చే స్ఫియర్ గోళం కూర్చుంది.

నేను వచ్చింది పీటర్ లాఫర్డ్ కోసం. పాత ఇంగ్లీషు సినిమాల పిచ్చి ఉన్నవాళ్లకు ర్యాట్ ప్యాక్ అనే గాయకుల, నటుల స్నేహబృందం తెలిసే ఉంటుంది: ఫ్రాంక్ సినాట్రా, డీన్ మార్టిన్, శామీ డేవిస్ జూనియర్, జోయీ బిషప్, లాఫర్డ్. 1960 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ అయిదుగురూ పగలు ‘ఓషన్స్ 11’ షూటింగ్, రాత్రి కోపా రూమ్‌లో షో అన్నట్టు బతికారు. మందు, జోకులు, పాటలు. నిద్రెప్పుడు పోయేవాళ్లో వాళ్లకే తెలియాలి. ఆ ఫిబ్రవరి 7న షో చూడడానికి సెనేటర్ జాన్ కెనడీ వచ్చాడు. సినాట్రా స్టేజీ మీద నుంచి ఆయన్ను జనానికి పరిచయం చేశాడు. కెనడీని ఈ బ్యాచ్‌కు దగ్గర చేసిన దారి లాఫర్డే. కెనడీ చెల్లెలు పట్రీషియాను 1954లో పెళ్లి చేసుకున్నాడు మరి. ఆ కొత్తలో సినాట్రా ఇతన్ని ‘బ్రదర్ ఇన్ లాఫర్డ్’ అని ముద్దుగా పిలిచేవాడు.

అసలు ‘ఓషన్స్ 11’ కథ తెచ్చిందే లాఫర్డ్. ఒక పెట్రోల్ బంకు కుర్రాడు చెప్పిన ఊహ గిల్బర్ట్ కే అనే దర్శకుడి ద్వారా ఇతని చెవిన పడింది. హక్కులు కొని సినాట్రా చేతిలో పెట్టాడు. సినిమాలో దోచుకునే క్యాసినోలు అయిదు. అందులో శాండ్స్, డెజర్ట్ ఇన్, రివియేరా కూల్చేశారు. సహారా పేరు మార్చుకుని మళ్లీ పాత పేరుకే వచ్చింది. ఫ్లెమింగో పేరు నిలిచింది. సినిమా చివర్లో అందరూ శాండ్స్ బోర్డు ముందు నుంచి నడిచి వెళ్తారు. ఆ బోర్డు మీద వాళ్ల అసలు పేర్లే ఉంటాయి, లాఫర్డ్ పేరుతో సహా.

సాయంత్రం హోటల్ గదిలో మ్యాప్ తీశాను. ఈ ఊళ్లో ఫ్రాంక్ సినాట్రా డ్రైవ్ ఉంది, డీన్ మార్టిన్ డ్రైవ్ ఉంది, శామీ డేవిస్ జూనియర్ డ్రైవ్ ఉంది. లాఫర్డ్ పేరు కొడితే ఏమీ రాలేదు.

“హీరో బ్యాచ్‌లో నుంచి తీసేశారన్నమాట” అన్నాడు బావమరిది. అంతే. కాకపోతే ఎందుకు తీసేశారన్నదే నన్ను ఇంత దూరం తిప్పుతోంది.

శనివారం, ఎడారి దారి

పొద్దున్నే బయల్దేరాం. అర్వైన్ నుంచి మా మరదలు కట్టి పంపిన పులిహోర డబ్బా వెనక సీట్లో ఉంది. ఫిబ్రవరి కాబట్టి ఏసీ అక్కర్లేదు. బేకర్ అనే చిన్న ఊళ్లో ప్రపంచంలోకెల్లా పొడవైన థర్మామీటర్ అని ఒకటి నిలబెట్టారు. ఎత్తు 134 అడుగులు. 1913లో డెత్ వ్యాలీలో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైందని దాని గుర్తుగా. అక్కడే పులిహోర అయిపోయింది. తర్వాత బార్‌స్టో, శాన్ బెర్నార్డినో దాటి తూర్పుకు తిరిగితే గాలిమరలు. వందలకొద్దీ.

దారిలో బావమరిది లాఫర్డ్ గురించి అడుగుతూనే ఉన్నాడు. 1923లో లండన్‌లో పుట్టాడు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనిక జనరల్, సర్ సిడ్నీ లాఫర్డ్. చిన్నప్పుడు గాజు తలుపులోంచి దూసుకుపోయి కుడిచెయ్యి బాగా దెబ్బతింది. ఆ చేతి వల్లే రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి తీసుకోలేదు. మిగతా కుర్ర హీరోలంతా యుద్ధానికి పోతే ఎంజీఎం స్టూడియోకు ఇతను దొరికాడు. ‘గుడ్ న్యూస్’, ‘ఈస్టర్ పరేడ్’, ‘లిటిల్ విమెన్’. అందగాడు, మాట తీరు బాగుంటుంది, నటన ఒక మోస్తరు. నా లెక్కలో మొదటి వరుస హీరో ఎప్పుడూ కాడు. ఆ సంగతి అతనికీ తెలుసనిపిస్తుంది.

సాయంత్రం పామ్ స్ప్రింగ్స్‌లో అలెహో రోడ్డుకు వెళ్లాం. సినాట్రా 1947లో కట్టించుకున్న ‘ట్విన్ పామ్స్’ ఇల్లు అక్కడుంది. పియానో ఆకారంలో ఈతకొలను ఉంటుందని పేరు. ఊళ్లో మోడర్నిజం వీక్ నడుస్తోంది. పాత ఇళ్లు చూడడానికి జనం బస్సుల్లో తిరుగుతున్నారు, గదుల అద్దెలు మండిపోతున్నాయి. మేం గేటు బయట నుంచే చూశాం.

లాఫర్డ్ మీద మొదటి వేటు ఈ ఇంటి ఇల్లాలి వల్ల పడింది. సినాట్రాకూ అతని భార్య, నటి ఆవా గార్డ్‌నర్‌కూ చెడిన కొత్తలో లాఫర్డ్ ఆవాతో కలిసి కూర్చుని ఒక డ్రింక్ తాగాడు. గాసిప్ కాలమ్‌లో వార్త పడింది. సినాట్రా మండిపడ్డాడు. తర్వాత కొన్నేళ్లు మాటల్లేవు. 1958లో నటుడు గ్యారీ కూపర్ ఇంట్లో విందులో పట్రీషియా, సినాట్రా పక్కపక్కన కూర్చోవడంతో మంచు కరిగింది. ఆ నవంబర్‌లో పుట్టిన కూతురి పేరులో ఫ్రాన్సిస్ అని చేర్చారు, సినాట్రా మీద గౌరవంతో. అంటే లాఫర్డ్ తనంతట తాను తిరిగి రాలేదు. భార్య చేయి పట్టుకుని వచ్చాడు. ఆ భార్య అన్న అప్పటికే రాష్ట్రపతి కుర్చీ వైపు నడుస్తున్నాడు.

ఇంకో సంగతి. 1959లో వచ్చిన ‘నెవర్ సో ఫ్యూ’లో ఒక పాత్ర శామీ డేవిస్‌ది కావాలి. రేడియో ఇంటర్వ్యూలో సినాట్రా ప్రవర్తన గురించి ఒక మాట తూలాడని అతన్ని తీసేసి ఆ పాత్ర స్టీవ్ మెక్వీన్‌కు ఇచ్చారు. అదే సినిమాలో లాఫర్డ్‌కు వేషం దొరికింది. శామీ క్షమాపణ చెప్పుకుని కొన్నాళ్లకు లోపలికి వచ్చాడు. సినాట్రా బ్యాచ్‌లో వెలి అన్నది లాఫర్డ్‌తో మొదలు కాలేదు. కాకపోతే శామీకి తిరిగొచ్చే దారి ఉంది, గొంతుంది. అలా పాడేవాడు, ఆడేవాడు ఇంకొకడు దొరకడు. లాఫర్డ్ దగ్గర ఏముంది?

ఆదివారం, రాంచో మిరాజ్

పొద్దున టిఫిన్ కాగానే ఫ్రాంక్ సినాట్రా డ్రైవ్ పట్టుకున్నాం. పామ్ స్ప్రింగ్స్ పక్కనే రాంచో మిరాజ్, గోల్ఫ్ మైదానాల ఊరు. టామరిస్క్ కంట్రీ క్లబ్‌ను ఆనుకుని సినాట్రా రెండో ఇల్లు ఉంది. ఇప్పుడది వేరేవాళ్ల ఆస్తి. రోడ్డు మీంచి చూస్తే గోడ, చెట్లు. ఫొటో తీయడానికి ఏమీ లేదు గానీ కథంతా ఇక్కడే జరిగింది.

1960 ఎన్నికల్లో సినాట్రా కెనడీ కోసం కష్టపడ్డాడు. లాస్ ఏంజెలెస్‌లో డెమొక్రాట్ల మహాసభలో జాతీయ గీతం పాడాడు. 1961 జనవరి 19న, ప్రమాణ స్వీకారం ముందు రాత్రి, వాషింగ్టన్‌లో పెద్ద విరాళాల షో నడిపాడు. లాఫర్డ్ పక్కన ఉన్నాడు. ఊరంతా మంచు తుఫాను, అయినా షో ఆగలేదు. ఆ షోకు శామీ డేవిస్ లేడు. తెల్లజాతి నటి మే బ్రిట్‌ను పెళ్లి చేసుకున్నందుకు, దక్షిణాది ఓటర్లకు కోపం వస్తుందన్న భయంతో అతన్ని రావద్దన్నారు. ఎవరు ఎప్పుడు పనికొస్తారో, ఎప్పుడు బరువవుతారో కెనడీ శిబిరం లెక్కలు వేసుకునే తీరు అప్పుడే కనిపించింది. సినాట్రాకు తన వంతు వస్తుందని తట్టలేదు.

1962 మార్చి చివర్లో కెనడీ ఈ ఎడారికి విశ్రాంతికి వస్తున్నాడన్నారు. మకాం తన ఇంట్లోనే అని సినాట్రా నమ్మాడు. అతిథుల కాటేజీలు కట్టించాడు, కొత్త ఫోన్ లైన్లు వేయించాడు, హెలికాప్టర్ దిగడానికి కాంక్రీట్ ప్యాడ్ పోయించాడు. ఇంటికి కలెక్టర్ వస్తాడంటేనే మన వాళ్లు గోడలకు సున్నం వేయిస్తారు. ఇక్కడ వచ్చేది అమెరికా ప్రెసిడెంట్.

అప్పటికి అమెరికా న్యాయశాఖ నడిపే అటార్నీ జనరల్‌గా ఉన్న తమ్ముడు రాబర్ట్ కెనడీ మాఫియా మీద యుద్ధం ప్రకటించి ఉన్నాడు. సినాట్రాకు షికాగో మాఫియా నాయకుడు శామ్ జియాంకానాతో స్నేహం. అటువంటి మనుషులు పడుకున్న ఇంట్లో ప్రెసిడెంట్ పడుకోకూడదన్నాడు తమ్ముడు. న్యాయంగా చూస్తే రాబర్ట్ చెప్పిందే సరైనది. ఆ మాట సినాట్రాకు అన్నైనా చెప్పాలి, తమ్ముడైనా చెప్పాలి. ఇద్దరూ చెప్పలేదు. లాఫర్డ్‌ను చెప్పమన్నారు.

పెద్దాయన ఉంటే ఎలా ఉండేదో. కెనడీల తండ్రి జోసెఫ్‌కు సినాట్రా అవసరమూ తెలుసు, విలువా తెలుసు. కానీ 1961 డిసెంబర్‌లో ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇంట్లో సినాట్రా తరఫున గొంతెత్తే మనిషి లేకుండా పోయాడు. అల్లుడి తరఫున గొంతెత్తేవాడు మొదటి నుంచీ లేడు. కూతురు నటుణ్ణి చేసుకోవడమే జోసెఫ్‌కు ఇష్టం లేదు, అందులోనూ ఇంగ్లీషు నటుణ్ణి.

లాఫర్డ్ ఫోన్ చేశాడు. భద్రత అన్నాడు, సీక్రెట్ సర్వీస్ వాళ్లకు ఆ ఇల్లు కాపలా కాయడం కష్టమన్నాడు. సినాట్రా నమ్మలేదు. ఆ మీదట అసలు దెబ్బ తగిలింది. ప్రెసిడెంట్ బస పక్క ఊరు పామ్ డెజర్ట్‌లో, బింగ్ క్రాస్బీ ఇంట్లో. క్రాస్బీ గాయకుడు, పైగా రిపబ్లికన్. సినాట్రా సుత్తి పట్టుకుని ఆ హెలికాప్టర్ ప్యాడ్‌ను తానే పగలగొట్టాడని ఒక కథ ఉంది. దాన్ని ప్రచారం చేసింది లాఫర్డే, అదీ తాను కళ్లారా చూసింది కాదు. నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. కాంక్రీటు సంగతి తెలిసినవాళ్లెవరికీ నమ్మబుద్ధి కాదు.

లాఫర్డ్‌ను సినిమాల్లోంచి తీసేశారన్నది మాత్రం కథ కాదు. ఆ ఫిబ్రవరిలో విడుదలైన ‘సార్జెంట్స్ 3’ అయిదుగురూ కలిసి చేసిన చివరి సినిమా అయింది. 1964లో వచ్చిన ‘రాబిన్ అండ్ ద సెవెన్ హుడ్స్’లో లాఫర్డ్ లేడు. అందులో ఉన్నదెవరు? బింగ్ క్రాస్బీ! ప్రెసిడెంట్‌ను తన ఇంట్లో పడుకోబెట్టుకున్న మనిషి మీద సినాట్రాకు కోపం లేదు. ప్రెసిడెంట్‌తో బహిరంగంగా తగవు పెట్టుకోలేదు. నీరు పల్లమెరుగు అన్నట్టు ఆ కోపమంతా బ్యాచ్‌లో అందరికన్నా తక్కువ ఎత్తులో ఉన్నవాడి మీదికే పోయింది. నిర్ణయం చేసినవాళ్లను ఏమీ అనలేక కబురు తెచ్చినవాణ్ణి కొట్టాడు.

లాఫర్డ్ అమాయకుడని నేననను. రెండు పడవల మీద హాయిగా తిరిగినన్నాళ్లూ తిరిగాడు. వేగాస్‌లో కెనడీల అల్లుడు, కెనడీల ఇంట్లో సినాట్రా స్నేహితుడు. ఎక్కడికక్కడ రెండో చోటి పరపతి వాడుకున్నాడు. సొంతంగా నిలబడే చోటు కట్టుకోలేదు.

అక్కడి నుంచి బాబ్ హోప్ డ్రైవ్‌కు కారులో పది నిమిషాలు కూడా పట్టలేదు. మందు, మత్తు అలవాట్లు మాన్పించే బెటీ ఫోర్డ్ సెంటర్ ఆ రోడ్డు మీదుంది. 1982లో మొదలైంది. 1983 డిసెంబర్‌లో లాఫర్డ్ ఇక్కడ చేరాడు. పాత స్నేహితురాలు ఎలిజబెత్ టేలర్ కూడా అదే నెలలో ఇక్కడే ఉంది. సినాట్రా ఇల్లు ఆ పక్కనే ఉండేది. ఈ సంగతి మ్యాప్ మీద చూసినప్పుడు మామూలుగానే అనిపించింది. ఒకే పూట రెండు గేట్ల ముందూ కారు ఆపినప్పుడు అలా అనిపించలేదు. చికిత్స పొందేవాళ్లుండే చోటు కాబట్టి మేం దిగలేదు.

లాస్ ఏంజెలెస్ దారి పట్టేముందు క్యాథడ్రల్ సిటీలో డెజర్ట్ మెమోరియల్ పార్క్‌కు వెళ్లాం. సినాట్రా సమాధి అక్కడే, అమ్మానాన్నల పక్కన. నేలకు సమంగా పరిచిన చిన్న రాయి. ఎవరో పూలు పెట్టి వెళ్లారు. ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న రాయా అని బావమరిది ఆశ్చర్యపోయాడు. నాకు మాత్రం అదొక్కటి నచ్చింది.

సోమవారం, శాంటా మోనికా

పీసీహెచ్ అని అందరూ పిలిచే పసిఫిక్ కోస్ట్ హైవే పక్కన, ఇసుక మీదికి వీపు పెట్టి కొన్ని పాత ఇళ్లున్నాయి. లాఫర్డ్ దంపతులది అందులో ఒకటి. ఎంజీఎం అధిపతి లూయీ బి. మేయర్ కట్టించుకున్న ఇల్లు. తనకు జీతమిచ్చిన యజమాని ఇల్లే కొన్నాడు చూడండి! ఇప్పుడూ ప్రైవేటు ఇల్లే కాబట్టి సైకిళ్లు తిరిగే బాట మీంచి చూసి సముద్రం వైపు నడిచాం. బీచ్ మాత్రం అందరిదీ. వాలీబాల్ నెట్లు కట్టి ఉన్నాయి. లాఫర్డ్‌కు ఈ ఇసుక మీద వాలీబాల్, ఈ అలల మీద సర్ఫింగ్ ప్రాణం.

ప్రెసిడెంట్ వస్తే దిగేది ఈ ఇంట్లోనే అనుకునేంత పేరు దీనికి. 1962 ఆగస్టులో కెనడీ ఇక్కడే ఈతకు దిగితే జనం చుట్టుముట్టారు. తడి బట్టలతో ఆయన జనం మధ్య నవ్వుతున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. అప్పటికి నటి మేరిలిన్ మన్రో పోయి రెండు వారాలు.

మన్రో సంగతి రాయకుండా లాఫర్డ్ కథ రాయలేం గానీ, దాన్ని సాగదీయడం నాకు ఇష్టం లేదు. ఆ మే 19న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, కెనడీ పుట్టినరోజు వేడుకలో, ఆమెను స్టేజీ మీదికి పిలిచింది లాఫర్డ్. ఎప్పుడూ ఆలస్యంగా వస్తుందని జోక్ చేస్తూ ‘ద లేట్ మేరిలిన్ మన్రో’ అన్నాడు. ఇంగ్లీషులో ‘లేట్’ అన్న మాటకున్న రెండో అర్థం, ‘చనిపోయిన’ అన్నది, పదకొండు వారాల్లో నిజమైంది. ఆఖరి రాత్రి ఆమెతో ఫోన్‌లో మాట్లాడినవాళ్లలో అతనూ ఒకడు. మాట ముద్దగా ఉందని, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడిందని, తాను వెంటనే వెళ్లలేదని తర్వాత చెప్పాడు. అంత్యక్రియలకు ఆమె మాజీ భర్త, బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో సినిమావాళ్లను దగ్గరికి రానివ్వలేదు. లాఫర్డ్‌నూ రానివ్వలేదు.

బ్రెంట్‌వుడ్‌లో ఆమె ఇంటి సందు చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాం. కూల్చాలని యజమానులు, కూల్చొద్దని ఊరు. 2024లో నగర కౌన్సిల్ చారిత్రక కట్టడంగా గుర్తించింది. గోడ తప్ప ఏమీ కనపడదు.

తర్వాత అతని పతనం త్వరగా చెప్పేయొచ్చు, ఎందుకంటే త్వరగానే జరిగింది. 1963 నవంబర్‌లో కెనడీ హత్య. డిసెంబర్‌లో సినాట్రా కొడుకును లేక్ టాహో దగ్గర కిడ్నాప్ చేశారు. కొడుకు రెండు మూడు రోజుల్లో క్షేమంగా తిరిగొచ్చాడు గానీ లాఫర్డ్‌తో సినాట్రా స్నేహం తిరిగి రాలేదు. 1966లో పట్రీషియాతో విడాకులు. అల్లుడి హోదా పోయింది. ఒక్క శామీ డేవిస్ వదల్లేదు. ఇద్దరూ కలిసి 1968లో ‘సాల్ట్ అండ్ పెప్పర్’, 1970లో ‘వన్ మోర్ టైమ్’ చేశారు. సినాట్రా చేత తలుపు వేయించుకున్న అనుభవం ఉన్నవాడు కదా శామీ. ఆ తర్వాత టీవీలో చిన్న వేషాలు, గేమ్ షోలు, ఇంకో మూడు పెళ్లిళ్లు, తాగుడు. 1984 డిసెంబర్ 24న సీడార్స్ సైనాయ్ ఆసుపత్రిలో పోయాడు. 61 ఏళ్లు.

మంగళవారం, వెస్ట్‌వుడ్, హాలీవుడ్

వెస్ట్‌వుడ్ విలేజ్ మెమోరియల్ పార్క్ ఎత్తైన ఆఫీసు భవనాల వెనక దాక్కుని ఉంటుంది. పార్కింగ్ దొరకడమే పెద్ద టెన్షన్. గోడలో మన్రో సమాధి గూడు సులువుగానే దొరికింది. గోడ మీద ఆ రాయి ఒక్కటే లిప్‌స్టిక్ ముద్దులతో రంగు మారిపోయింది. డీన్ మార్టిన్ కూడా ఇక్కడే, అతని పాట పల్లవి రాయి మీద చెక్కి ఉంది.

లాఫర్డ్ అస్థికలు కూడా ఇక్కడే ఉండేవి. డబ్బు కట్టే విషయంలో గొడవ వచ్చి 1988లో బయటికి తీశారు. చివరి భార్య వాటిని పసిఫిక్ సముద్రంలో కలిపింది. ఖర్చు ఒక గాసిప్ పత్రిక పెట్టుకుంది, బదులుగా ఫొటోలు తీసుకుంది. ఆవాతో డ్రింక్ తాగిన వార్తతో మొదటిసారి వెలి పడినవాడి ఆఖరి ఫొటోలు కూడా అలాంటి పత్రికకే వెళ్లాయి.

మధ్యాహ్నం హాలీవుడ్ బులవార్డ్. స్పైడర్‌మ్యాన్ వేషగాళ్లను, సీడీలు చేతిలో పెట్టేవాళ్లను తప్పించుకుంటూ నేల చూపులు చూస్తూ నడిచాం. లాఫర్డ్ నక్షత్రం దొరికింది. పేరు కింద టీవీ గుర్తు ఉంది, సినిమా కెమెరా కాదు. ఎంజీఎం అందగాడికి ఇది కాస్త అన్యాయం అనిపించినా, ‘ద థిన్ మ్యాన్’ సీరియల్లో అతను నిజంగానే బాగుంటాడు. ఎవరి అల్లుడూ కానట్టు, ఎవరి బ్యాచూ కానట్టు నటించాడందులో.

బావమరిది ఫొటో తీసి, ఫోన్ జేబులో పెట్టుకుంటూ అడిగాడు. “బావా, నువ్వైతే సినాట్రాకు ఆ ఫోన్ చేసేవాడివా?”

“మీ నాన్న చెయ్యమంటే చెయ్యక తప్పుతుందా?” అన్నాను.